పాలికిచ్చిన రాయి

వీరవేణి ఇంటికి ఎవరొచ్చినా ముందు చెప్పులు వీధిలో విడిపించేది, తర్వాత చేతులు కడిగించేది, అంతా అయ్యాక కూడా తొట్టి దగ్గరికి రానిచ్చేది కాదు. నర్సాపురంలో ఏటిగట్టు కింద వలలవాళ్ళ వీధి చివర రెండు గదుల ఇల్లు ఆమెది. ముందు గదిలో కూర్చోడానికి బల్ల కూడా లేదు. ఇనప స్టాండు మీద నాలుగడుగుల అద్దాల తొట్టి, పైన నీలం లైటు, లోపల రాళ్ళు, ఆ రాళ్ళ నిండా మొగ్గలు. చూడ్డానికి పూలు. నిజానికి ప్రాణమున్న జీవాలు, పగడాలకి దాయాదులు. ఒక్కొక్కటి చొక్కా బొత్తాం అంత ఉంటుంది, చుట్టూ అంచుకి సన్నటి పోగులుంటాయి. చెయ్యి నీడ పడితే చాలు, రాయి మీదున్నవన్నీ ఒక్కసారే ముడుచుకుపోతాయి. వాటిని కొని పెంచేవాళ్ళు జోవాలంటారు. వీరవేణి మొగ్గలనేది.

తొట్టి చూసి "చేపలేవీ?" అని అడిగినవాళ్ళంటే ఆమెకి ఒళ్ళు మండేది. అలా అడగనివాళ్ళు ఆ వీధిలో లేరు కాబట్టి ఆ మంట ఆరే అవకాశం ఎప్పుడూ రాలేదు.

అరవై దాటిన మనిషి. పేరుపాలెం దగ్గర సముద్రపొడ్డున పుట్టి, నర్సాపురం వచ్చి కాపురం చేసింది. మొగుడు పోయి పదకొండేళ్ళు. పిల్లలు లేరు. మొగ్గల్ని పిల్లల్లా చూసుకుంటోందని ఎదురింటి రాణి ఒకసారి జాలిగా అన్నందుకు ఆర్నెల్లు ఆవిడతో మాట మానేసింది. పిల్లలైతే తిట్టి పెంచేదాన్ని, ఇవి తిడితే వినవు గనక నీళ్ళు చూసి పెంచుతున్నాను అని ఇంకొకరి చేత కబురు పంపింది. ఎదురింటికి.

ఎండుచేపలు అమ్ముకుని బతికేది. గుమ్మం బయట నిలబడి కేకేసే అమ్మకం కాదు ఆమెది. తట్ట నెత్తిన పెట్టుకుని నేరుగా పెరట్లోకి వెళ్ళేది. ఇంటావిడ స్నానంలో ఉంటే తనే చేపలు వంటింట్లో పెట్టి, పోపులపెట్టె పక్కనున్న డబ్బాలోంచి తనకి రావలసింది తీసుకుని, మూత పెట్టి వచ్చేసేది. అలాంటి ఇళ్ళు టౌన్లో ఇరవై దాకా ఉన్నాయి. ఇనుమూ ఇత్తడీ కాదు, ఆ ఇరవై పెరటి గుమ్మాలే ఆమె ఆస్తి. చంద్రరావుగారు వచ్చి చెయ్యి పెట్టింది సరిగ్గా దాని మీదే.

ఈ చేపల తట్ట ఎత్తకముందు ఆమె ఎనిమిదేళ్ళు ఆ చంద్రరావుగారింట్లోనే పనిచేసింది. మొగల్తూరు వైపు అరవై ఎకరాల రొయ్యల చెరువులు ఆయనవి. భీమవరంలో స్నేహితుడెవరో హాల్లో సముద్రపు తొట్టి పెట్టించాడని తెలిసి, దానికన్నా రెండడుగులు పొడుగుది తెప్పించుకున్నాడు. ఆ తొట్టిలో ఏమున్నాయో ఆయనకి తెలీదు. ఎవరెవరికి అలాంటిది లేదో మాత్రం బాగా తెలుసు.

రాజమండ్రి నుంచి యుగంధర్ అని నలభయ్యేళ్ళ మనిషి నెలకోసారి వచ్చి దాన్ని శుభ్రం చేసి వెళ్ళేవాడు. వీరవేణి బక్కెట్టు పట్టుకునేది. బక్కెట్టు పట్టుకున్నదానికి కళ్ళూ చెవులూ ఉంటాయని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఉప్పు మీటరు మీద గీత ఎక్కడుండాలో, లైటు ఎన్ని గంటలు వెలగాలో, ఏ మొగ్గ ఆకలితో నోరు తెరిచిందో, ఏది చిరాకుతో ముడుచుకుందో ఆమె ఎనిమిది నెలల్లో పట్టేసింది. అక్షరాలు కూడబలుక్కుని చదివేదే గాని అంకెలు బాగా వచ్చు. ముప్పై అయిదు దగ్గర గీత ఉంటే మొగ్గలు బాగుంటాయి. అంతకన్నా చదువు ఆ తొట్టికి అక్కర్లేదు.

అందులో ఒక రాయి మీద తొమ్మిది మొగ్గలుండేవి. అంచు చిలకపచ్చ, లోపల కుంకుమ రంగు, నడిమధ్య ఊదా చుక్క. యుగంధర్ దానికి మూరెడు ఇంగ్లీషు పేరు చెప్పాడు. వీరవేణి నెమలికన్ను అంది. మేకల్ని తలల లెక్కన అమ్మినట్టు వాటిని మొగ్గల లెక్కన అమ్ముతారనీ, ఆ రంగు మన రాష్ట్రంలో నలుగురైదుగురి దగ్గర మించి లేదనీ యుగంధర్ చెప్పినప్పుడు చంద్రరావుగారు మొదటిసారి కళ్ళజోడు పెట్టుకుని ఆ రాయిని చూశాడు.

ఆ ఏడు శ్రావణంలో గోదారికి వరదొచ్చింది. సముద్రం ఎర్రబడి పల్చబడింది. యుగంధర్ రెండు నెలలు రాలేకపోయాడు. తొట్టిలో నీళ్ళు తగ్గుతుంటే చంద్రరావుగారు తన చెరువులోంచి నాలుగు క్యాన్లు తెప్పించి పోయించాడు. చెరువు ఉప్పు సగం ఉప్పేనండి, మొగ్గలు తట్టుకోలేవండి అని వీరవేణి చెప్పింది. ముప్పయ్యేళ్ళుగా ఉప్పునీళ్ళ మీద బతుకుతున్నవాడికి నువ్వా చెప్పేది అని ఆయన నవ్వాడు. రొయ్యకి సరిపోయిందల్లా ప్రపంచంలో అందరికీ సరిపోతుందని ఆ వైపు రొయ్యల రైతులకి ఒక నమ్మకం.

మూడో రోజుకి నెమలికన్ను గంజిలా జారిపోయింది. హాలంతా కుళ్ళు వాసన. చంద్రరావుగారు టిఫిను తింటూ, ఆ రాయి తీసి పారెయ్యమన్నాడు. ఆయన భార్య రామతులసిగారు పక్కనే నిలబడి చట్నీ వేస్తోంది. వీరవేణి రాయిని పాత పెరుగు బకెట్లో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. ఉప్పు కలిపిన నీళ్ళలో కడిగి చూస్తే, రాయి కింది బొక్కలో ఆవగింజంత మొగ్గ ఒకటి బతికుంది.

రెండు నెలల తర్వాత ఆ ఇంట్లో పని మానేసింది. అడిగినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెప్పింది.

ఆవగింజ బొత్తాం కావడానికి ఏడు నెలలు పట్టింది. పక్కన రెండోది పుట్టడానికి ఇంకో మూడు. పగిలిన తొట్టి ఒకటి యుగంధర్ ఇస్తే అతికించుకుంది. లైటు కూడా అతను తీసేసిన పాతదే. బదులుగా వేరే రంగుల మొగ్గలు పెరిగినప్పుడు అతనికి కోసిచ్చేది. నెమలికన్ను మాత్రం ముట్టనిచ్చేది కాదు. ఎండాకాలం పోటు మీద పేరుపాలెం వెళ్ళి నీళ్ళు పట్టుకుని షేర్ ఆటోలో తెచ్చేది. ఆటోవాడు క్యానుకి కూడా టికెట్ అడిగితే, క్యాను నీకన్నా మర్యాదగా కూర్చుంటుంది అనేది. వరద నెలల్లో ప్యాకెట్టు ఉప్పు కలుపుకునేది. కరెంటు పోతే బ్యాటరీ పంపు తగిలించేది. మొగ్గల్ని తినే సన్నటి పురుగులు వాటి రంగే పూసుకుని దాక్కుంటే, గుండుసూదితో ఒక్కొక్కదాన్నే పీకి, కాలి కింద వేసి నలిపేది. ఆమెకి సంతోషం కలిగిన సందర్భాల్లో అదొకటి.

మూడేళ్ళు దాటేసరికి రాయి మీద యాభై ఎనిమిది మొగ్గలు.

అప్పుడు యుగంధర్ దాన్ని ఫోటో తీశాడు. పెంచేవాళ్ళంతా చూసుకునే గ్రూపులో పెట్టాడు. నర్సాపురం వీరవేణిగారి దగ్గర అని కింద రాశాడు. గారు అని రాయడమే కొంప ముంచింది. భీమవరం స్నేహితుడు ఆ ఫోటోని చంద్రరావుగారికి పంపి, మీ పనిమనిషికి ఉన్నది మీకు లేదేంటి అని అడిగాడు.

ఆదివారం పొద్దున్న కారు వలలవాళ్ళ వీధిలోకి వచ్చింది. చంద్రరావుగారు దిగాడు. రామతులసిగారు దిగలేదు, అద్దం నాలుగు వేళ్ళు దించి కూర్చుంది. వీరవేణి తట్ట సర్దుకుంటోంది.

"మా ఇంట్లో తిని, మా ఇంట్లోంచే రాయి ఎత్తుకొచ్చావా? దొంగదానా," అన్నాడాయన, వీధి మొత్తానికి వినపడేలా.

"పారెయ్యమన్నారు," అంది వీరవేణి. "పారేశాను. మా ఇంట్లో పారేశాను."

వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు లేచి వచ్చారు. రాణి గుమ్మంలోకొచ్చింది. చంద్రరావుగారు స్టేషన్లో కంప్లయింటు ఇస్తానన్నాడు, ఎస్సై తనకి తెలుసన్నాడు, ఈ చేపల తట్టని ఏ ఇంటావిడ లోపలికి రానిస్తుందో చూస్తానన్నాడు. మొదటి రెండూ వీరవేణికి చీమ కుట్టినట్టు కూడా లేదు. మూడో మాటకి ఆమె తట్ట సర్దడం ఆపేసింది. దొంగ అన్న మాట పెరటి గుమ్మం దాటి లోపలికి వెళ్తే ఇక ఆమెకి ఆ గుమ్మంలో దారి ఉండదు. రేపు ఏ ఇంట్లో చెంచా కనపడకపోయినా వేణి వచ్చి వెళ్ళిందా అని అడుగుతారు.

వీధికి పెద్ద పోతురాజు. డెబ్భయ్యేళ్ళ మనిషి. పడవల్లో పాళ్ళు, వలల తగువులు ఆయన దగ్గరే తెగేవి. ఆయన్ని ఎవరో పిలుచుకొచ్చారు. ఆయన కారు దగ్గరికి వెళ్ళి, అమ్మగారూ, పారెయ్యమన్న మాట మీరేమైనా విన్నారాండి అని అడిగాడు. రామతులసిగారు ఒళ్ళో ఫోను చూసుకుంటూ, గుర్తులేదంది. అద్దం రెండు వేళ్ళు పైకి లేచింది.

పోతురాజు తిరిగొచ్చి, చచ్చిపోయిందనుకున్న రాయి బతికితే అది ఎవరిదవుతుందని పైకే ఆలోచించడం మొదలుపెట్టాడు. వీధివాళ్ళు తలలూపుతున్నారు. వ్యవహారం చెయ్యి జారుతోందని చంద్రరావుగారికి అర్థమైంది. భూమున్న ఇంట్లో పుట్టినవాడు, అలాంటి వేళ నోటికొచ్చేది వాళ్ళ తాతల మాటే. అదే అన్నాడు.

"పారెయ్యమని నేనెందుకంటాను? పాలికిచ్చాను."

ఆ వైపు పాలికివ్వడమంటే అందరికీ తెలిసిందే. భూమున్న ఆసామి పెయ్యదూడని పేదింటికి ఇస్తాడు. మేతా, చాకిరీ వాళ్ళవి. పెరిగి ఈనాక చెరిసగం. చిన్నరైతులకి ఆవు, మేకలవాళ్ళకి మేక, అన్నిటికీ అదే కట్టు. రాయిని పాలికిచ్చినవాడు మాత్రం అంతకుముందు లేడు.

"పాలికిచ్చాననే అంటారాండి?" అన్నాడు పోతురాజు, నెమ్మదిగా.

"అంటాను. సగం నాది."

పోతురాజు వీరవేణి వైపు చూశాడు. వీధంతా చూసింది. పాలు లేదూ గీలు లేదూ, ఈ పెద్దమనిషి అబద్ధమాడుతున్నాడని ఆమె చీపురు తీస్తుందనే అనుకున్నారు. ఆమెకీ అదే చెయ్యాలనిపించింది. పాలు ఒప్పుకుంటే మూడేళ్ళూ ఆయన రాయిని ఆయన కోసం మేపినట్టు. ఇరవై తొమ్మిది మొగ్గలు ఆ మొహానికి కోసివ్వాలి. మీటరు మీద గీత చూడ్డం చేతకాని ఇంటికి. ఒప్పుకోకపోతే మొగ్గలన్నీ తనవే, దొంగ అన్న మాట కూడా తనదే.

కాసేపు ఆయన బొజ్జ వైపే చూసింది.

"ఆయ్, పాలేనండి," అంది. "పాలికిచ్చారు. పెద్దయ్యా, పాలికి తెచ్చుకున్నది దొంగదవుతుందా?"

"అవదు," అన్నాడు పోతురాజు.

చంద్రరావుగారి మొహంలో గెలిచిన నవ్వు సగంలో ఆగింది. పాలన్న మాటలో సగం వాటా తీసుకుంటే, దొంగ కాదన్న రెండో సగం కూడా మింగాలని ఆయనకి అప్పుడు తెలిసింది.

"పాలైతే కట్టు ప్రకారం జరగాల," అంది వీరవేణి. "పెంచినదాన్ని నేను పంచుతాను. ఇచ్చినాయన ముందు ఏరుకుంటారు. ఏరుకుని, చెప్పవలసిన మాట చెప్పి, అప్పుడు పట్టుకెళ్తారు."

చంద్రరావుగారు ఆ మాటని పట్టించుకోలేదు. ఎవరు ఏరుకుంటారన్నది మాత్రమే విన్నాడు.

లోపలికెళ్ళి రాయిని పళ్ళెంలోకి తీసి, తెచ్చి గుమ్మం ముందు పెట్టింది. యాభై ఎనిమిది మొగ్గలూ ముడుచుకుని, తడిసిన తోలు ముక్కలా అయిపోయాయి. వీరవేణి రబ్బరు గ్లవ్సులు తొడుక్కుంది, వెల్డింగువాడి దగ్గర కొన్న కళ్ళద్దాలు పెట్టుకుంది. ఆ మొగ్గల్లో విషముంటుంది, కోసేటప్పుడు చిమ్ముతాయి. కంట్లో పడితే చూపుకే ముప్పు. చంద్రరావుగారు పెద్ద ముక్క ఎటు పోతుందో చూడ్డానికి పళ్ళెం మీదకి వంగాడు. ఆయన కళ్ళు ఉలి మొనకి జానెడు దూరంలో ఉన్నాయి.

వీరవేణి సుత్తి ఎత్తి పట్టుకుని ఆగింది. ఎంతసేపు ఆగిందో రాణికి తెలుసు. తర్వాత వారం రోజులు అదే చెప్పింది.

"యెనక్కి జరగండి. చిమ్మితే కళ్ళు పోతాయి. దానికి కూడా నా మీదే కేసు పెడతారు."

ఆయన జరిగాడు. ఒక్క దెబ్బకి రాయి చీలింది. అటొకటి ఇటొకటి లెక్కపెట్టి, ఎక్కువున్న వైపు మూడు మొగ్గలు బ్లేడుతో వేరు చేసి తక్కువున్న వైపు రాయికి జిగురుతో అంటించింది. ఇరవై తొమ్మిది, ఇరవై తొమ్మిది. ఏరుకోమంది. చంద్రరావుగారు రెండిటినీ అటూ ఇటూ తిప్పించి, పాత రాయి అడుగు ఎక్కువున్న ముక్క తీసుకున్నాడు. డ్రైవరు బకెట్టుతో ముందుకొచ్చాడు.

వీరవేణి ముక్క మీద చెయ్యి తియ్యలేదు. "మాటండి," అంది.

ఆయన పోతురాజు వైపు చూశాడు. పాలు తెగినప్పుడు ఇచ్చినవాడు నలుగురిలో చెప్పవలసిన మాట ఒకటుంది. అది చెప్పందే పలుపుతాడు చేతికివ్వరు. చంద్రరావుగారి తాత దూడల పాళ్ళు తెంచుతూ వందసార్లు చెప్పిన మాటే. కాని తాత చెప్పింది తన అరుగు మీద కూర్చుని. ఇక్కడ అరుగు లేదు. పనిమనిషి ఇంటి ముందు, చేపల కంపులో, నిలబడి చెప్పాలి. పది నిమిషాల క్రితం దొంగదానా అన్న నోటితో.

"పాలన్నది మీరేనండి," అన్నాడు పోతురాజు. "మేమెవరం అనలేదు."

"నా పాలు నాకు ముట్టింది," అన్నాడు చంద్రరావుగారు, కారు టైరుతో చెబుతున్నట్టు. తర్వాతది నోట్లోనే గొణిగేశాడు.

"వినపళ్ళేదండి. ఆ గుమ్మంలో ఉన్న రాణికి వినపళ్ళేదు. దొంగన్నది వినపడింది."

ఆయన మెడ ఎర్రబడింది.

"నా పాలు నాకు ముట్టింది. నీ పాలు నీది. మనిద్దరి మధ్య మాట లేదు."

వీరవేణి చెయ్యి తీసింది. ముక్క బకెట్లో పడింది. కారు వెనక్కి తిరగడానికి వీధి చాలక మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడింది. ఎవరూ దారి చూపించలేదు.

సాయంత్రం లోపు ఆ మాట టౌన్లో పాకింది. దొంగ అన్నది కూడా పాకింది గాని, నీ పాలు నీది అన్నది దాని వెనకే వెళ్ళి పట్టుకుంది. సోమవారం వీరవేణి ఇరవై పెరళ్ళకీ వెళ్ళింది. పద్దెనిమిది ఇళ్ళలో ఎప్పట్లాగే డబ్బా మూత తనే తీసుకుంది. రెండిళ్ళలో ఆడవాళ్ళు వంటింట్లోంచి ఎదురొచ్చి డబ్బులు చేతికిచ్చారు. ఆ రెండిళ్ళకి ఆమె మళ్ళీ వెళ్ళలేదు. సగం నమ్మకం ఆమెకి ఎందుకూ పనికిరాదు.

తన వాటా మొగ్గలు మూడు రోజులైనా విచ్చుకోలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరినీ గుమ్మంలోంచే పంపించేసింది. గెలిచావే వేణీ అని ఒకావిడ అంటే, సగం పోయినదాన్ని గెలుపంటే నీ లెక్కలు మీ ఆయన చూసుకోవడమే మంచిది అంది.

నాలుగో రోజు ఫోనొచ్చింది. రామతులసిగారు. మొగ్గలు తెరుచుకోవడం లేదట, చుట్టూ తెల్లగా ఏదో వస్తోందట. కొత్త లైటు తెప్పించారట. యుగంధర్ ఫోను ఎత్తడం లేదట. కారు పంపిస్తాను, ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళమంది.

"పాలులో మీకు రాయే వచ్చిందండి," అంది వీరవేణి. "చేతులు రాలేదు."

రామతులసిగారు గొంతు తగ్గించి అంది.

"పారెయ్యమనే అన్నారు వేణీ. నేను విన్నాను. చట్నీ వేస్తున్నాను అప్పుడు."

"ఆ ముక్క కారద్దం దించి చెప్పాల్సిందండి. ఫోన్లో నాకొక్కదానికి చెబితే, నాకు తెలిసిందే కదా."

పెట్టేద్దామని ఫోను చెవి నుంచి తీసింది. కొత్త లైటు కింద, ఎవరికీ ఏమీ తెలీని హాల్లో, ఇరవై తొమ్మిది మొగ్గలు. వాటిలో ఏది మొదట పుట్టిందో, ఏది పురుగు కొరికినా బతికిందో ఆమె చెప్పగలదు. అవి చంద్రరావుగారిని ఏమీ అనలేదు. ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"కొత్త లైటు ఆర్పేసి పాతదే పెట్టండి, అదీ సగానికి తగ్గించండి. తెల్లగా ఉన్నది పిచికారీతో మెల్లిగా ఊదెయ్యండి, చేత్తో తుడవకండి. మీటరు గీత ముప్పై అయిదు దగ్గరుండాల. మీ ఆయన్ని వారం దాకా ఆ తొట్టి దగ్గరికి రానివ్వకండి. మీ కోసం చెప్పట్లేదు."

పెట్టేసింది. వెంటనే మళ్ళీ మోగింది. వీరవేణి దాన్ని ఎండుచేపల మధ్య పడేసి, తట్ట నెత్తికెత్తుకుని, తలుపుకి తాళం వేసింది. వీధి మలుపు దాకా అది ఆమె నెత్తి మీద మోగుతూనే ఉంది.